గండి పైన... ముంపు కింద!

‘‘చెప్పు జారిపోయినా తెలియట్లేదండీ ఈయనకి. వెనకాల నడిచే నేను చూసి చెబితే గానీ కాలికి చెప్పు లేదన్న సంగతే తెలియదు.’’

కుర్చీలో కూర్చోకముందే ఆ ఇల్లాలు చెప్పిన మొదటి మాట ఇది. ఆయనకి 58 ఏళ్లు. డెల్టా రైతు. పొలం గట్ల మీద పెరిగిన మనిషి. అలాంటాయన ఇద్దరి భుజాల మీద చేతులు వేసుకుని లోపలికి వచ్చారు. చంకలో ఎమ్మారై ఫిల్ములు, సంచి నిండా మందుల చీటీలు. పద్నాలుగు నెలల తిరుగుడంతా ఆ సంచిలో ఉంది.

మొదట్లో అరకిలోమీటరు నడవగానే కాళ్లు బరువెక్కేవి. గట్టు మీద కాసేపు కూర్చుంటే మళ్లీ తేలికయ్యేవి. ‘వయసు మీద పడింది’ అనుకున్నారు. తర్వాత అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. షుగరేమోనని రక్తపరీక్ష చేశారు, లేదు. బలానికి బీ12 ఇంజెక్షన్లు పొడిచారు. నడుం నొప్పి ఉందంటే నడుం వరకూ ఎమ్మారై తీశారు. అందులో డిస్కు కాస్త ఉబ్బినట్టు కనిపించింది. ఇంకేం, బెల్టు, ఫిజియోథెరపీ. మూత్రానికి వెళితే చాలాసేపు నిలబడాల్సి వస్తోందంటే ‘ఈ వయసు మగవాళ్లకి మామూలే, ప్రొస్టేటు’ అని దానికో మాత్ర.

ఆఖరికి ఒక ఆసుపత్రిలో వెన్నుపాము వాచిందని చెప్పి సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించారు. ‘‘కర్ర పట్టుకుని ఆసుపత్రిలోకి నడిచి వెళ్లిన మనిషి అండీ. రెండో సీసా ఎక్కాక మంచం దిగలేకపోయాడు.’’ ఆవిడ గొంతు అక్కడ ఆగిపోయింది.

‘‘ఎప్పుడైనా ఎక్కడి నుంచైనా పడ్డారా?’’ అని అడిగాను. ఆయన లేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. ఆవిడే అందుకున్నారు: ‘‘ఎందుకు పడలేదూ! నాలుగేళ్ల కిందట ధాన్యం బస్తాలు ఎత్తిస్తూ లారీ మీంచి వెల్లకిలా పడ్డారు కదా! వీపులో ఎముక చిట్లిందన్నారు. రెండు నెలలు మంచం మీదే ఉన్నారు.’’

‘‘అదెప్పుడో తగ్గిపోయిందిలే’’ అన్నారాయన.

తగ్గింది ఎముక. ఈ ఆదివారం మనం చెప్పుకోబోయేది ఆ ఎముక పక్కనుండే రక్తనాళాల సంగతి.

పంట కాలువ, మురుగు కాలువ

వెన్నుపాము మన చిటికెన వేలంత లావుండే నరాల తాడు. పొడవు సుమారు 45 సెంటీమీటర్లు. మెదడు నుంచి బయల్దేరి నడుం పైభాగంలో, అంటే మొదటి రెండు నడుం పూసల దగ్గరే ఆగిపోతుంది. కాళ్లు కదలాలన్నా, అరికాలికి నేల తెలియాలన్నా, మూత్రం పట్టు తప్పకుండా ఉండాలన్నా ఈ తాడు చల్లగా ఉండాలి.

దానికి రక్తం తెచ్చేవి ధమనులు, తీసుకుపోయేవి సిరలు. ధమనుల్లో ఒత్తిడి ఎక్కువ, సిరల్లో బాగా తక్కువ. రెంటికీ మధ్యన వెంట్రుకకన్నా సన్నని నాళాల వల ఉంటుంది. ధమని తెచ్చిన వేగమంతా ఆ వలలో పంచుకుని, నెమ్మదించి, సిరలోకి చేరేసరికి రక్తం నింపాదిగా పారుతుంది.

డెల్టా ఊళ్ల వాళ్లకి ఇది చప్పున అర్థమవుతుంది. పంట కాలువ నీళ్లు తెస్తుంది. బోదెల గుండా చేలలో పారి, మిగిలిన నీరు మురుగు కాలువలో కలుస్తుంది. ఇప్పుడు పంట కాలువకి గండి పడి, నీళ్లు చేలోకి వెళ్లకుండా సూటిగా మురుగు కాలువలో పడ్డాయనుకోండి. మురుగు కాలువ నిండిపోతుంది. చేలోని నీరు దిగటానికి దారుండదు. గండి పడిన చోటు ఎక్కడో ఎగువన ఉంటుంది, కానీ మునిగేది దిగువ పొలం. నీళ్లు లేక కాదు, నీళ్లు కదలక పైరు కుళ్లిపోతుంది.

వెన్నుపాములోనూ అచ్చంగా ఇదే జరుగుతుంది. వెన్నుపాముని చుట్టి ‘డ్యూరా’ అనే గట్టి పొర ఉంటుంది. నరం బయటికి వచ్చే చోట, ఆ పొరలో, ఒక చిన్న ధమని ఒక సిరతో నేరుగా కలిసిపోతుంది. దీన్నే ‘డ్యూరల్ ఆర్టీరియోవీనస్ ఫిస్టులా’ అంటారు. ఫిస్టులా అనగానే చాలామందికి మలద్వారం దగ్గర వచ్చే జబ్బు గుర్తొస్తుంది. ఇది అది కాదు. ఫిస్టులా అంటే ఉండకూడని దారి, అంతే. డయాలసిస్ చేయించుకునే వాళ్ల చేతి మీద ఉబ్బిన సిరని చూసే ఉంటారు. అక్కడ డాక్టర్లు కావాలనే ధమనినీ సిరనీ కలుపుతారు. ధమని ఒత్తిడికి సిర ఎలా లావెక్కుతుందో ఆ చెయ్యి చూస్తే తెలుస్తుంది. అదే పని వెన్నుపాము పక్కన దానంతటదే జరిగితే, లోపలి సిరలు ఉబ్బి, వెన్నుపాములోని రక్తం బయటికి పోలేక, అది నీరు పట్టి వాచిపోతుంది. రోజులు గడిచేకొద్దీ నరాల కణాలు ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి.

నడిస్తే కాళ్లు బరువెక్కటం, కూర్చుంటే తగ్గటం ఎందుకో ఇప్పుడు తెలిసిందిగా! శ్రమ చేసినప్పుడు ధమనుల్లో ఒత్తిడి పెరుగుతుంది, గండిలోంచి పోటు ఎక్కువవుతుంది. విశ్రాంతి తీసుకుంటే కాస్త తగ్గుతుంది.

దెబ్బకీ దీనికీ సంబంధమేమిటి?

దెబ్బ తర్వాత వచ్చే రక్తనాళాల లోపాలు అన్నీ ఒక్క రకం కావు. కొన్నింట్లో సంబంధం సూటిగా కనిపిస్తుంది. మెడలో వెన్నుపూసల కన్నాల గుండా ఒక ముఖ్యమైన ధమని పైకి వెళుతుంది. కత్తిపోటు, తుపాకీ గుండు, రోడ్డు ప్రమాదంలో మెడ పూస విరగటం... వీటివల్ల ఆ ధమని చిరిగి పక్కనున్న సిరలతో కలిసిపోవచ్చు. అరుదుగా, మెడ సిరలోకి సెలైన్ గొట్టం వేసేటప్పుడు సూది తగిలి కూడా ఇలా జరిగిన సందర్భాలున్నాయి. ఇలాంటి వాళ్లకి చెవిలో నాడితో పాటే ‘హుష్... హుష్’మని చప్పుడు వినిపిస్తుంటుంది. కొందరికి సిరలు ఉబ్బి వెన్నుపాము మీద ఒత్తిడి పడి చేతులూ కాళ్లూ బలహీనపడతాయి.

మన రైతుకి వచ్చిన రకంలో మాత్రం లెక్క అంత తేలిక కాదు. ఇది పుట్టుకతో వచ్చేది కాదనీ, పెద్దయ్యాక ఏర్పడేదేననీ వైద్యులు చాలావరకు ఒప్పుకుంటారు. 30 ఏళ్ల లోపు వాళ్లలో కనిపించటం చాలా అరుదు. ఎక్కువగా 50, 60 ఏళ్ల వాళ్లకి వస్తుంది. ఆడవాళ్లకన్నా మగవాళ్లలో నాలుగైదు రెట్లు ఎక్కువ. వెన్నుపూస విరిగిన కొన్నేళ్లకి, వెన్నుకి ఆపరేషన్ జరిగిన కొన్నేళ్లకి అదే చోట ఫిస్టులా బయటపడిన వాళ్ల గురించి వైద్య పత్రికల్లో నమోదైంది. దెబ్బకి అక్కడి చిన్న సిరలో రక్తం గడ్డకట్టి, మానే క్రమంలో ధమనికీ సిరకీ మధ్య కొత్త దారి తెరుచుకుంటుందని ఒక ఆలోచన. కానీ ఏ దెబ్బా గుర్తులేని వాళ్లలోనూ ఇది వస్తుంది. కాబట్టి ‘దెబ్బవల్లే వచ్చింది’ అని ప్రతి ఒక్కరి విషయంలో గట్టిగా చెప్పలేం. ‘దెబ్బ తగిలింది కాబట్టి ఇదీ గుర్తుంచుకోవాలి’ అని మాత్రం చెప్పొచ్చు.

యాభై ఏళ్లు పట్టింది

ఈ జబ్బు డాక్టర్లనే చాలాకాలం తికమక పెట్టింది. 1926లో ఫ్రాన్సుకు చెందిన ఫ్వా, అలజువానీన్ అనే ఇద్దరు నరాల వైద్యులు, కాళ్లు క్రమంగా చచ్చుబడి చనిపోయిన రోగుల వెన్నుపాముని పరిశీలించారు. దాని మీద సిరలు లావుగా, మందంగా కనిపించాయి. లోపలి నరాల పదార్థం చచ్చిపోయి ఉంది. ఎందుకలా జరిగిందో తేలలేదు.

ఆ తర్వాత సర్జన్లు ఆ ఉబ్బిన సిరలే జబ్బు అనుకున్నారు. వెన్నుపాము మీంచి వాటిని వలిచేసేవాళ్లు. గంటల కొద్దీ ఆపరేషను. నిజానికవి వెన్నుపాముకి సొంతమైన సిరలు. మురుగు కాలువ పొంగుతోందని మురుగు కాలువనే పూడ్చినట్టు!

1974లో లండన్‌లో అమినాఫ్, బర్నార్డ్, లోగ్ అసలు దోషం సిరల్లో పెరిగిన ఒత్తిడిదేనని చెప్పారు. 1977లో కెండాల్, లోగ్ ఇంకో అడుగు ముందుకేసి, గండి పడేది వెన్నుపాము మీద కాదు, నరం బయటికొచ్చే చోట డ్యూరా పొరలోనని చూపించారు. అంటే, అక్కడి నుంచి లోపలికి వెళ్లే ఒక్క సిరని మూసేస్తే చాలు. యాభై ఏళ్ల చిక్కుముడి అలా విడిపోయింది.

అమినాఫ్, లోగ్ 1974లోనే ఇంకో హెచ్చరిక కూడా చేశారు. చికిత్స లేకుండా వదిలేస్తే, కాళ్ల బలహీనత మొదలైన మూడేళ్లలో సగం మంది తీవ్రమైన అవిటితనంలోకి జారిపోతున్నారని వాళ్లు గమనించారు. ఈ జబ్బులో కాలం ఎంత విలువైందో ఆ ఒక్క మాట చెబుతుంది.

ఎందుకు దొరకదు?

మొదటి కారణం, ఇది అరుదు. ఏటా పది లక్షల మందిలో అయిదు నుంచి పది మందికి వస్తుందని అంచనా. చాలామంది డాక్టర్లు తమ జీవితంలో ఒకటి రెండు కేసులు చూసి ఉంటారేమో! రెండో కారణం, దీని లక్షణాలన్నీ వేరే జబ్బుల వేషం వేసుకుని వస్తాయి. నడుం నొప్పి డిస్కులా, తిమ్మిర్లు షుగరులా, మూత్రం ఇబ్బంది ప్రొస్టేటులా కనిపిస్తాయి. యాభై దాటిన వాళ్లకి ఎమ్మారై తీస్తే డిస్కు ఉబ్బు కనిపించని వాళ్లెంతమంది చెప్పండి! అది కనిపించగానే వెతుకులాట ఆగిపోతుంది. డిస్కుకి, ప్రొస్టేటుకి ఆపరేషన్లు చేయించుకుని, ఆ తర్వాత అసలు జబ్బు బయటపడిన వాళ్లున్నారు.

మూడో కారణమే అన్నింటికన్నా ముఖ్యం. నొప్పి నడుంలో ఉందని నడుం వరకే ఫిల్ము తీస్తారు. వెన్నుపాము నడుం పైభాగంలోనే ఆగిపోయింది కదా! అందుకే కాళ్లు బలహీనపడుతున్నా, మూత్రం పట్టు తప్పుతున్నా నడుముతో సరిపెట్టకుండా వీపు భాగాన్ని కూడా చూడాలి. అలా తీస్తే వాచిన వెన్నుపాము తెల్లగా, దాని వెనక ఉబ్బిన సిరలు నల్లని వానపాముల్లా మెలికలు తిరిగి కనిపిస్తాయి.

స్టెరాయిడ్ సంగతి

వెన్నుపాము వాపు అనగానే చాలాసార్లు గుర్తొచ్చేది ‘మైలైటిస్’. దానికి స్టెరాయిడ్లు మంచి మందే, ఎందరినో నిలబెట్టాయి కూడా. కానీ వాపుకి కారణం ఫిస్టులా అయినప్పుడు, సెలైన్‌లో స్టెరాయిడ్ ఎక్కించిన కొన్ని గంటల్లో, రోజుల్లో కాళ్లు ఇంకా పడిపోయిన కేసులు చాలా నమోదయ్యాయి. వెన్నులోంచి నీరు తీసే పరీక్ష తర్వాత కూడా కొందరికి ఇలా జరిగింది.

దీనర్థం స్టెరాయిడ్లంటే భయపడమని కాదు. వాడుతున్న మందుని ఎవరంతట వాళ్లు ఆపేయటం ఇంకా ప్రమాదం. ‘మందు ఎక్కాక తగ్గకపోగా ఎక్కువైంది’ అన్న ముక్కని డాక్టరుకి వెంటనే, స్పష్టంగా చెప్పండి. ఆ ఇల్లాలు చెప్పిన ఆ మాటే నన్ను ఆలోచనలో పడేసింది.

గండి వెతికి, పూడ్చటం

ఎమ్మారై ‘ముంపు’ని చూపిస్తుంది. ‘గండి’ ఎక్కడుందో కచ్చితంగా చెప్పేది స్పైనల్ యాంజియోగ్రామ్. గుండెకి చేసినట్టే గజ్జ దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి, వెన్నుకి రెండు వైపులా ఉండే చిన్న చిన్న ధమనులన్నింట్లోకీ ఒక్కొక్కటిగా రంగు మందు వదిలి చూస్తారు. ఓపిక కావాలి, గంటలు పడుతుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు, షుగరు మాత్రలు వాడేవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. వెన్నుపాము కింది సగానికి ముఖ్యంగా రక్తం తెచ్చే ధమని ఒకటుంది. 19వ శతాబ్దం చివర్లో దాన్ని వర్ణించిన పోలండ్ వైద్యుడి పేరు మీద ‘ఆడమ్‌కీవిచ్ ధమని’ అంటారు. ఎక్కువమందిలో ఎడమ వైపు, వీపు కింది భాగంలో మొదలవుతుంది. ఫిస్టులాకి రక్తం ఇచ్చే ధమని నుంచే ఇదీ బయల్దేరుతుంటే, గ్లూతో మూయటం ప్రమాదం. కాళ్లు శాశ్వతంగా పోవచ్చు.

చికిత్స రెండు రకాలు. ఒకటి, యాంజియోగ్రామ్ గొట్టంలోంచే గ్లూ లాంటి పదార్థాన్ని పంపి దారిని మూసేయటం. రెండోది, వెన్నుపూస వెనక భాగాన్ని కొద్దిగా తొలిచి, డ్యూరా తెరిచి, లోపలికి వెళ్లే ఆ ఒక్క సిరని బిగించి కత్తిరించటం. గ్లూతో పెద్ద కోత ఉండదు గానీ కొందరిలో దారి మళ్లీ తెరుచుకుంటుంది. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 2004లో కలిపి చూస్తే, ఆపరేషన్‌తో 98 శాతం మందిలో ఫిస్టులా పూర్తిగా మూసుకుంది. గ్లూతో సగం కంటే తక్కువ మందిలోనే. ఆ తర్వాత కొత్త పదార్థాలు, పరికరాలు వచ్చి ఈ తేడా తగ్గుతోంది. ఎవరికి ఏది మంచిదో నరాల సర్జనూ, రక్తనాళాల చికిత్స చేసే రేడియాలజిస్టూ కలిసి నిర్ణయించాలి. రెండు విభాగాలూ ఉన్న పెద్దాసుపత్రికే వెళ్లటం మేలు.

ఫలితం ఎలా ఉంటుంది? గండి పూడిస్తే ముంపు ఆగుతుంది. కుళ్లిన పైరు మాత్రం మళ్లీ లేవదు. నడక సగానికి పైగా మందిలో మెరుగవుతుంది, మిగతా వాళ్లలో చాలామందికి అక్కడితో ఆగుతుంది. మూత్రం ఇబ్బంది అంత తేలిగ్గా పోదు. ఎంత తొందరగా పట్టుకుంటే అంత దక్కుతుంది.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

* నడిస్తే కాళ్లు బరువెక్కి, కూర్చుంటే తేలికవటం. అది నెలనెలకీ ఎక్కువవటం
* కాలి చెప్పు జారినా తెలియకపోవటం, చీకట్లో తూలటం
* కాళ్ల ఇబ్బందితో పాటు మూత్రం, విరేచనం, దాంపత్య జీవితంలో ఇబ్బంది
* వెన్నుకి దెబ్బ తగిలి మానిపోయాక, నెలలకో ఏళ్లకో కాళ్లలో కొత్తగా బలహీనత
* మెడ దెబ్బ తర్వాత చెవిలో నాడితో పాటు చప్పుడు
* కాళ్లు ఒక్కసారిగా పడిపోయి మూత్రం ఆగిపోతే ఆ రోజే, ఆ గంటే ఆసుపత్రికి

తరచూ అడిగేవి

మా అబ్బాయి రెండు నెలల కిందట బైకు మీంచి పడ్డాడు. నడుం నొప్పి ఉంది. యాంజియోగ్రామ్ తీయించాలా?
అక్కర్లేదు. నడుం నొప్పి ఒక్కటే ఉంటే నూటికి తొంభై పాళ్లు కండరాలదో, డిస్కుదో అయి ఉంటుంది. కాళ్లలో బలం తగ్గుతున్నా, స్పర్శ పోతున్నా, మూత్రం ఇబ్బంది ఉన్నా డాక్టరుకి చూపించి, ఆయన చెప్పిన పరీక్షలు చేయించండి.

పాత దెబ్బ తర్వాత కాళ్లు బలహీనపడితే ఇదేనా?
ఇదే కానక్కర్లేదు. దెబ్బ తిన్న వెన్నుపాములో ఏళ్ల తర్వాత నీటి బుడగ ఏర్పడవచ్చు. మెడ పూసలు అరిగి ఒత్తిడి పడొచ్చు. మన దేశంలో వెన్నుపూసల క్షయ కూడా తక్కువేం కాదు. బీ12 లోపం ఉండొచ్చు. అందుకే ఊహించటం కాదు, వెతకాలి.

మసాజ్, పసరు కట్టు, ఆసనాలతో తగ్గుతుందా?
ధమనికీ సిరకీ మధ్య పడిన దారి వీటితో మూసుకోదు. ఆ నెలల్లో పోయేది డబ్బు మాత్రమే కాదు, నరాలు కూడా.

ఇది పిల్లలకి వస్తుందా?
వంశపారంపర్యంగా వచ్చే జబ్బు కాదు. పిల్లల గురించి బెంగ అక్కర్లేదు.

మళ్లీ ఆ రైతు దగ్గరికి...

ఆయన వీపు భాగానికి ఎమ్మారై తీయించాం. వెన్నుపాము కింది చివర వాచి ఉంది. సిరలు మెలికలు తిరిగి ఉన్నాయి. యాంజియోగ్రామ్‌లో గండి దొరికింది ఎడమ వైపు, ఎనిమిదో వీపు పూస దగ్గర. పాత ఎక్స్‌రే తెప్పించి చూస్తే చిట్లిన పూస కూడా అదే. పద్నాలుగు నెలలు అందరం నడుంలో వెతికాం. అది ఒక జానెడు పైన కూర్చుని ఉంది.

‘‘అయితే ఆ లారీ మీంచి పడటం వల్లేనాండీ?’’ అని ఆవిడ అడిగారు. ‘‘అయ్యుండొచ్చమ్మా. అదే చోటు కాబట్టి అనుమానం బలంగా ఉంది. కానీ ఒట్టేసి చెప్పలేను’’ అన్నాను. ఆవిడ తల పంకించి, ‘‘నాకెందుకో ఆ రోజే అనిపించింది’’ అన్నారు. ఇంట్లో వాళ్లకి గుర్తుండేవి కొన్ని చీటీల్లో ఉండవు. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు పాత ఫిల్ములతో పాటు ఆ జ్ఞాపకాలు కూడా తీసుకెళ్లండి. చిన్నవిగా అనిపించినా సరే, చెప్పండి. వినే ఓపిక మాకుండాలి, అది మా వంతు.

ఆపరేషన్ జరిగింది. మర్నాడే లేచి నడిచేయలేదు. మూడు నెలల ఫిజియోథెరపీ తర్వాత కర్ర సాయంతో వాకిట్లోకి రాగలిగారు. మూత్రానికి రోజూ రెండుసార్లు గొట్టం వేసుకోవాల్సే వస్తోంది. అది ఎప్పటికైనా మానుతుందో లేదో నేను మాట ఇవ్వలేదు. ఏడాది ముందు వచ్చి ఉంటే బహుశా ఆ అవసరం ఉండేది కాదు. ఆ మాట ఆయనతో అనలేదు గానీ ఆయనకీ తెలుసు.

మొన్న పరీక్షకి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర ఆగి, కింద చూసుకోకుండా వెనక్కి అడుగేసి, జారిన చెప్పులో కాలు దూర్చుకున్నారు.

‘‘తెలిసిందండీ’’ అన్నారు నవ్వుతూ. వెనకాల నిలబడ్డ ఆవిడ ఈసారి ఏమీ చెప్పాల్సిన పని లేకపోయింది.